ప్రాణహిత ఒడ్డున ఏడేళ్లు: సెంటినెల్-2 చిత్రాలతో నా అనుభవం

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. ఒక పక్క ప్రాణహిత, కాస్త కిందికి వెళ్తే గోదావరి, అవతలి ఒడ్డున కాళేశ్వరం. ఇంట్లో మాట తెలుగు, పొలం సాత్‌బారా (మన పహాణీ లాంటి భూమి కాగితం) మరాఠీ. నది ఏ ఏడు ఎటు జరిగిందో, ఎవరి చేనుదాకా వచ్చిందో తెలుసుకోవాలని 2018 వేసవిలో ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాలు చూడడం మొదలుపెట్టాను. ఇవి ఉచితం. రెండు ఉపగ్రహాలు కలిసి 5 రోజులకోసారి మన మీదుగా వెళ్తాయి. చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల చదరం, అంటే ఎకరానికి సుమారు 40 చుక్కలు. చేను తెలుస్తుంది, గట్టు తెలియదు.

మొదటి ఏడాది నేను చూసినవాటిలో సగం తప్పులే. ఒక జనవరిలో మా మేనమామ పొలంలో నల్లటి మచ్చ కనిపిస్తే నీళ్లు నిలిచాయని ఫోను చేశాను. “నీళ్లెక్కడివిరా? మొన్ననే వరి కొయ్యకాళ్లు కాల్చాను” అన్నాడు. వెళ్లి చూస్తే చెప్పులకు అంటుకునేంత బూడిద. అప్పటి నుంచి మామూలు రంగుల చిత్రాన్ని నమ్మడం మానేశాను. కంటికి కనిపించని పరారుణ కాంతిని పట్టే పొరను (బ్యాండు) కలిపి చూస్తే పైరూ చెట్లూ ఎర్రగా, నీరు నల్లగా కనిపిస్తాయి. కానీ బూడిద కూడా అందులో నల్లగానే ఉంటుంది. ఇంకా పొడవైన తరంగాల పరారుణాన్ని కూడా కలిపితేనే రెండూ విడిపోతాయి. కాలిన నేల ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది, నీరు మాత్రం నల్లగానే ఉంటుంది. ఆ బ్యాండు చుక్క 20 మీటర్లది, అయినా నాకు అన్నిటికంటే అదే ఎక్కువ పనికొచ్చింది.

మేఘం నీడ కూడా చెరువులాగే మోసం చేస్తుంది. ఉపగ్రహం వచ్చేది ఉదయం పదిన్నర ప్రాంతంలో కాబట్టి నీడ పడమరకో, చలికాలంలో వాయవ్యానికో పడుతుంది. నల్లటి మచ్చకు తూర్పునో ఆగ్నేయానో అదే ఆకారంలో మేఘం ఉందేమో ముందు చూడాలి. అసలు చెరువును పోల్చుకోవడం తేలిక. కట్ట ఉన్న వైపు గీత గీసినట్టు ఉంటుంది, నీళ్లు వచ్చే వైపు అంచు చిరిగిన ఆకులా ఉంటుంది. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువు మాత్రం ఎర్రగా, అచ్చం వరిమడిలా కనిపిస్తుంది. వేసవిలో టేకు ఆకు రాల్చి అడవి అంతా వెలిసిపోయినప్పుడు, ఎండిన వాగు గట్టున నేరేడు చెట్లు ఎర్రటి దారంలా నిలుస్తాయి. వాగు దారి వెతకడానికి అంతకంటే మంచి కాలం లేదు.

నది విషయానికి వస్తే ఈ చిత్రాలకు సాటి లేదు. 2018 వేసవిలో సంగమం దగ్గర తెల్లటి ఇసుక మేటలు, వాటి మధ్య సన్నటి పాయలు. 2019 జూన్‌లో దిగువన మేడిగడ్డ బ్యారేజీ ప్రారంభమయ్యాక వచ్చిన వేసవుల్లో ఆ ఇసుక నీళ్ల కింద ఉండిపోయింది. 2023 అక్టోబరులో అక్కడి పిల్లర్లు కుంగి నీళ్లు వదిలేశాక అవే మేటలు మళ్లీ బయటపడ్డాయి. మూడు చిత్రాలూ పక్కపక్కన పెట్టి మా నాన్నకు చూపిస్తే, తాను పుచ్చకాయలు వేసిన మేట ఇదేనని వేలు పెట్టి చూపించాడు.

లోపం ఒకటే, చాలా పెద్దది. అవసరమైన రోజున మేఘం అడ్డొస్తుంది. 2022 జూలై వరదప్పుడు పనికొచ్చే చిత్రం ఒక్కటీ దొరకలేదు. మేఘాన్ని దాటి చూసే సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహాల్లో ఒకటి 2021 డిసెంబరులోనే ఆగిపోయింది, మిగిలినది 12 రోజులకోసారి వచ్చేది. పోటెత్తి తగ్గిపోయే వరదకు 12 రోజులు చాలా ఎక్కువ. రాడార్ చిత్రం చదవడమూ వేరే విద్య. నిశ్చలమైన నీరు నల్లగా ఉంటుంది, గాలికి అలలు లేస్తే తెల్లబడుతుంది, నీళ్లలో నిలబడిన చెట్లు మెరుస్తాయి. మునిగిన అడవిని పొడినేల అనుకుంటాం.

ఆ ఏడాది పరిహారం కోసం వరద తగ్గాక తీసిన చిత్రాలను ఒక కార్యాలయానికి పట్టుకెళ్లాను. పంచనామాలో లేనిది చూడబోమన్నారు. చేను మీద బురద మేట కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నా పక్కన పెట్టేశారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవారు ముందు తమ ఊరి చెరువునే తెరవండి. నెలకో చిత్రం చొప్పున ఏడాది పాటు చూసి, ప్రతిసారీ కట్ట మీదికి వెళ్లి నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అడుగులు లెక్కపెట్టండి. నేను నది జోలికి వెళ్లింది ఆ తర్వాతే.