దబాయిస్తే జిల్లానే మార్చేసిన చాట్‌బాట్

చాట్‌బాట్‌తో నాకున్న గొడవ ఒక్కటే: అది మాట మీద నిలబడదు. తిరుపతిలో మాది జిరాక్స్, డీటీపీ షాపు. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీలు రాయించుకోవడానికి ఆదివారం నుంచే జనం వస్తారు. ఆ పని కోసమే డబ్బు కట్టి మరీ వాడుతున్నా. ఏదో పేరు చెప్పను. మిగతావి కూడా ఫ్రీగా వాడి చూశాను, ఈ రోగం అన్నిటికీ ఎంతో కొంత ఉంది.

"అండీ, దయచేసి అని అడగండి, బాగా రాస్తుంది" అని మొదట్లో కనిపించినవాళ్లందరికీ చెప్పేవాణ్ని. అది పూర్తిగా అబద్ధం కాదు. కోపంగా "వీఆర్వో పట్టించుకోవట్లేదు, గట్టిగా రాయి" అని కొడితే అర్జీ కూడా కయ్యానికి కాలు దువ్వినట్టే వస్తుంది. నిదానంగా అడిగేటప్పుడు సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, ఎప్పుడు ఎవరిని కలిశాం అన్నీ చెబుతాం. తిట్టేటప్పుడు అవేవీ గుర్తుండవు. తేడా ఎక్కువగా అక్కడే వస్తోందని ఇప్పుడనిపిస్తోంది. ఇంగ్లిష్, చైనీస్, జపనీస్ భాషల్లో 2024లో ఒక పరిశోధన చేశారు. దురుసుగా అడిగితే జవాబులు తరచూ దెబ్బతిన్నాయి గానీ, అతి వినయంతో ఒరిగిందీ పెద్దగా లేదు. 2025లో జీపీటీ-4ఓ (చాట్‌జీపీటీలో అప్పటి మోడల్) మీద 50 ప్రశ్నలతో చేసిన ఇంకోదాంట్లో ఫలితం ఉల్టా వచ్చింది: మహా మర్యాదకు 80.8 శాతం, బాగా దురుసుకు 84.8 శాతం సరైన జవాబులు. అవన్నీ ఆప్షన్ల ప్రశ్నలు లెండి, అర్జీలు కావు.

ఇక అసలు సంగతి. శ్రీకాళహస్తి పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అర్జీ ఇంట్లోనే ఫోన్లో తయారు చేశాం, ప్రింటు తీసిస్తే చిత్తూరు బస్సెక్కుతాం అన్నాడు కుర్రాడు. చూస్తే పైన "చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి" అని ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీకాళహస్తి తిరుపతి జిల్లా కదా అంటే, పెద్దాయన సంచిలోంచి పాత పాసుపుస్తకం తీసి, "ఇందులో చిత్తూరనే ఉంది గదా నాయనా" అన్నాడు. ఫోన్లో చాట్ పైకి జరిపాను. మొదట అది తిరుపతి అనే సరిగ్గా రాసింది. కుర్రాడు "బుద్ధుందా? మాది చిత్తూరు జిల్లా" అని గదమాయించాడు. అంతే, "క్షమించండి, మీరు చెప్పింది నిజమే" అంటూ చిరునామా మార్చేసి, ఆ ఊరు చిత్తూరు జిల్లాలోనిదేనని రెండు లైన్ల వివరణ కూడా ఇచ్చింది! ఆ కాగితం పట్టుకుని డెబ్బై కిలోమీటర్లు పోయుంటే, చార్జీలు, ఒక రోజు పని రెండూ దండగే.

తిట్టుకు జడిసిందేమో చూద్దామని, బేరాలు తగ్గాక కొత్త చాట్ తెరిచాను. "అయ్యా నమస్కారం, నేను అక్కడే పుట్టి పెరిగాను, శ్రీకాళహస్తి ఇప్పటికీ చిత్తూరు జిల్లానే కదండీ" అన్నాను. దానికీ తలూపింది. "శ్రీకాళహస్తి ఇప్పుడు ఏ జిల్లా?" అని పొడిగా అడిగితే సరిగ్గా చెప్పింది. తిట్టినా దండం పెట్టినా ఒకటే అన్నమాట. జవాబు మనమే ముందు చెప్పేస్తే గంగిరెద్దులా ఔనంటుంది. మనుషులు మార్కులు వేసి నేర్పిన చదువు అది, మనకేమో మన మాటకు ఔనన్న జవాబే ముద్దు. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీ తయారు చేసే ఓపెన్‌ఏఐ కంపెనీ, జీపీటీ-4ఓ మరీ భజన చేస్తోందని ఒక అప్‌డేట్‌నే వెనక్కి తీసుకుంది.

ఇప్పుడు ప్రతి అర్జీకీ చివర "నా మాట తప్పైతే తప్పని చెప్పు" అని తగిలిస్తున్నా. కొంత మేలు. కాకపోతే ఒక్కోసారి ఆ ఊపులో ఆధార్‌లో ఉన్న ఇంటిపేరునే దిద్దబోతుంది.

ప్లాన్ మాత్రం మళ్లీ కట్టాను. నా పని అర్జీలు, ఏ ఊరు ఏ జిల్లాలో ఉందో నాకు తెలుసు కాబట్టి సరిపోయింది. మా అమ్మ ఫోన్లో వేసివ్వమంటే వేయలేదు. ఆమెకు షుగర్. పండక్కి రెండు జిలేబీలు తింటే ఏం కాదని డాక్టర్నే ఒప్పించి వచ్చే మనిషి.