బరంపురం, పర్లాకిమిడి వైపు ‘క్లౌడ్ కంట్రోల్’ ప్యాకేజీ కొనేవాళ్లు జాగ్రత్త: ముందు టెనెంట్ ఐడీ చూసుకోండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు రైస్ మిల్లులకు, నర్సింగ్ హోములకు, ప్రైవేటు కాలేజీలకు ఇప్పుడు ఒక ప్యాకేజీ తెగ అమ్ముతున్నారు. “మీ ఆఫీసు సర్వర్‌లో ఉన్న వీఎంలన్నీ అజూర్‌లో కనపడతాయి, ఫోన్‌లోంచే ఆన్ చేయొచ్చు, ఆఫ్ చేయొచ్చు” అంటారు. వీఎం అంటే ఒకే సర్వర్ లోపల నడిచే వేరే కంప్యూటరు లాంటిది; అజూర్ మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్. లోపల వాడేది అజూర్ ఆర్క్: మీ దగ్గరున్న సర్వర్లని అజూర్‌లోంచి చూసుకునే ఏర్పాటు. అందుకు మెషీన్‌లో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం పెడతారు. సరుకులో వంక పెట్టడానికేం లేదు. గొడవంతా దాన్ని ఎవరి పేరు మీద పెడుతున్నారన్న దగ్గరే.

పేరు రాయడం లేదు గానీ, ఒక డీలరు పెట్టి వెళ్లిన చోట్ల సర్వర్లు కొన్నవాళ్లవి, అజూర్ సబ్‌స్క్రిప్షన్ (బిల్లు వచ్చే ఖాతా) మాత్రం డీలరుది. స్థలం మీది, పట్టా వాళ్ల పేరు మీద అన్నట్టు. ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్) రెన్యువల్‌కి రేటు పెంచారు. కుదరదన్నవాళ్లకి పోర్టల్ లాగిన్ ఆగిపోయింది. ఏజెంట్లు మాత్రం ఇంకా డీలరు సబ్‌స్క్రిప్షన్‌తోనే మాట్లాడుతున్నాయి.

లాగిన్ పోవడం ఇందులో చిన్న నష్టం. ఆర్క్‌లో చేర్చిన మెషీన్ మీద కంట్రిబ్యూటర్ రోల్ (మార్పులు చేసే అధికారం) ఉన్నవాళ్లు కస్టమ్ స్క్రిప్ట్ ఎక్స్‌టెన్షన్ (ఏజెంట్‌కి తగిలించే అదనపు ప్రోగ్రాం) పంపి ఏ స్క్రిప్టయినా నడపొచ్చు. విండోస్‌లో అది సిస్టమ్ అకౌంట్ కింద నడుస్తుంది, లినక్స్‌లో రూట్ కింద, అంటే మెషీన్ మీద పూర్తి అధికారంతో. ఫైర్‌వాల్‌లో బయటినుంచి ఒక్క పోర్టూ తెరవలేదు కదా అని ధీమాగా ఉండొద్దు. ఏజెంటే 443 పోర్టు మీద బయటికి వెళ్లి పని అడిగి తెచ్చుకుంటుంది. టాలీ డేటా ఉన్న వీఎం అయినా, పేషెంట్ రికార్డులున్న వీఎం అయినా అంతే.

మీ దగ్గర ఎలా ఉందో తెలుసుకోవడం ఐదు నిమిషాల పని. సర్వర్‌లో అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఏజెడ్‌సీఎంఏజెంట్ షో’ (azcmagent show) కొట్టండి. టెనెంట్ ఐడీ (అజూర్‌లో ఒక సంస్థ ఖాతాకి ఉండే నంబరు), సబ్‌స్క్రిప్షన్ ఐడీ, రిసోర్స్ గ్రూప్, ఏజెంట్ అజూర్‌తో ఆఖరిసారి మాట్లాడిన టైమూ (హార్ట్‌బీట్) వస్తాయి. మీ సొంత లాగిన్‌తో పోర్టల్‌లో ఎంట్రా ఐడీ (సంస్థ లాగిన్లు ఉండే చోటు) ఓవర్‌వ్యూ పేజీ తెరిచి అక్కడి టెనెంట్ ఐడీతో పోల్చండి. రెండూ ఒకటి కాకపోతే, లేదా మీకు సొంత లాగినే లేకపోతే, మీ సర్వర్ ఇంకొకరి చేతిలో ఉన్నట్టే.

విడిపించుకోవడానికి ఒక వరస ఉంది. ముందే డిస్‌కనెక్ట్ చేస్తే పాత ఎక్స్‌టెన్షన్లు వాటంతటవి పోవు, మెషీన్‌లోనే మిగిలిపోతాయి. మానిటరింగ్ ఏజెంట్ ఉంటే అదీ అందులో ఒకటి. కాబట్టి మొదట ఎక్స్‌టెన్షన్ సర్వీస్ ఆపండి, ‘ఏజెడ్‌సీఎంఏజెంట్ ఎక్స్‌టెన్షన్ లిస్ట్’ (azcmagent extension list)తో ఏమున్నాయో చూసి ‘ఎక్స్‌టెన్షన్ రిమూవ్’తో తీసేయండి. తరవాత డిస్‌కనెక్ట్. మామూలు డిస్‌కనెక్ట్ అజూర్ లాగిన్ అడుగుతుంది, అది డీలరు దగ్గర ఉంది కదా; ‘ఫోర్స్ లోకల్ ఓన్లీ’ (--force-local-only) ఆప్షన్ ఇస్తే మీ వైపు తెగిపోతుంది. వాళ్ల పోర్టల్‌లో పేరు ఉండిపోయినా దానితో ఏమీ చేయలేరు. ఆ తరవాత మీ టెనెంట్‌లో మళ్లీ కనెక్ట్ చేసుకోండి. వట్టి మానిటరింగే కావాలంటే కాన్ఫిగ్ మోడ్‌ని ‘మానిటర్’లో పెట్టండి. కస్టమ్ స్క్రిప్ట్ లాంటివి ఆ మోడ్‌లో నడవవు.

సబ్‌స్క్రిప్షన్ మీ పేరు మీదే ఉన్నా, సీఎస్పీ డీలరు (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అమ్మే భాగస్వామి) ద్వారా కొన్నదైతే ఇంకో మెలిక. దాని మీద డీలరుకి మామూలుగా ఓనర్ రోల్ వచ్చేస్తుంది. యాక్సెస్ కంట్రోల్ పేజీలో ‘ఫారిన్ ప్రిన్సిపల్’ అని కనపడేది అదే. దాన్ని సపోర్ట్ రిక్వెస్ట్ కంట్రిబ్యూటర్ దాకా దించండి. టికెట్ వేయడానికి ఆ మాత్రం చాలు. గ్లోబల్ అడ్మిన్ (టెనెంట్ మొత్తం మీద అధికారం ఉన్న లాగిన్) ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తోందో కూడా చూసుకోండి, చాలా చోట్ల అది ఇన్‌స్టాల్ చేసిన కుర్రాడి ఫోనే.

ఇక ఫోన్‌లోంచి ఆన్, ఆఫ్ అన్న మాట. ఏజెంట్ ఒక్కటే పెడితే ఇన్వెంటరీ, ప్యాచ్‌లు, మానిటరింగ్ వస్తాయి. వీఎంని ఆన్ చేయడం, సైజు మార్చడం, కొత్తది చేయడం రావు. వాటికి రిసోర్స్ బ్రిడ్జ్ అనే మరో వీఎం కావాలి. మీ సర్వర్ ర్యామ్‌లో, డిస్కులో కొంత దానికే పోతుంది. పైగా వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్ వీఎంవేర్ అయితే దాన్ని అదుపు చేసే వీసెంటర్ ఉండాలి, హైపర్-వీ అయితే అదే పని చేసే ఎస్‌సీవీఎంఎం ఉండాలి. వీసెంటర్ లేకుండా ఉత్త ఈఎస్‌ఎక్స్‌ఐ (వీఎంవేర్ సర్వర్) హోస్ట్ ఒక్కటి పెట్టుకున్నవాళ్లకి ఆ బటన్ ఎన్నటికీ రాదు, కొటేషన్‌లో ఏం రాసినా సరే. మూడు నాలుగు వీఎంలున్న చోట బ్రిడ్జ్ దండగ.

బ్రిడ్జ్ పెట్టించుకున్నవాళ్లు అడిగి తీసుకోవలసినవి: క్యూబ్‌కాన్ఫిగ్ ఫైలు (బ్రిడ్జ్‌లోకి వెళ్లే తాళంచెవి), మూడు యామల్ ఫైళ్లు (దాని సెట్టింగులు). డీలరు తన లాప్‌టాప్‌లోంచి ఇన్‌స్టాల్ చేస్తే అవి ఆ లాప్‌టాప్‌లోనే ఉండిపోతాయి. వీసెంటర్ పాస్‌వర్డ్ మార్చిన రోజు బ్రిడ్జ్‌లో ఒకసారి, ఆర్క్ వీసెంటర్ కనెక్షన్‌లో ఒకసారి కొత్త పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఒకటి మరిస్తే పోర్టల్‌లోంచి వీఎంల మీద పనులు ఫెయిలవుతాయి.

డబ్బు సంగతి. ‘ఆర్క్ లైసెన్స్, ఒక్కో వీఎంకి ఇంత’ అని కొటేషన్‌లో ఉంటే దేనికని నిలదీయండి. మెషీన్ చేర్చడం, ట్యాగులు, బ్రిడ్జ్ ద్వారా ఆన్-ఆఫ్: వీటికి మైక్రోసాఫ్ట్ ఏమీ తీసుకోదు. అప్‌డేట్ మేనేజర్‌కి సర్వర్‌కి నెలకి సుమారు 5 డాలర్లు, గెస్ట్ కాన్ఫిగరేషన్ పాలసీకి (సర్వర్ లోపలి సెట్టింగుల తనిఖీ) 6 డాలర్లు, డిఫెండర్ (సెక్యూరిటీ) ప్లాన్ 2 అయితే సుమారు 15. లాగ్‌లకి జీబీ లెక్క. డిఫెండర్ ప్లాన్ 2 కొన్న సర్వర్‌కి అప్‌డేట్ మేనేజర్ విడిగా కట్టక్కర్లేదు, అయినా రెండూ వేసిన బిల్లులున్నాయి. డీలరు విశాఖవాడైతే మీకు ఐజీఎస్టీ బిల్లు రావాలి, అందులో మీ జీఎస్టీ నంబరు ఒడిశా కోడ్ 21తో మొదలవ్వాలి. అది సరిగా లేకపోతే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ కూడా పోవచ్చు.

బ్యాకప్ అన్న మాట నమ్మొద్దు. ఆర్క్‌లో కనపడినంత మాత్రాన వీఎం కాపీ ఎక్కడికీ వెళ్లదు, డిస్కు పోతే పోయినట్టే. నెట్ పోతే వీఎంలు నడుస్తాయి, పోర్టల్ కంట్రోల్ మాత్రం ఉండదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాని ఎలా కొట్టిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు వీసెంటర్ లోకల్ పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఊళ్లో ఉండాలి. మెషీన్ 45 రోజులు అజూర్‌తో మాట్లాడకపోతే ‘ఎక్స్‌పైర్డ్’ అయిపోవచ్చు. అప్పుడు డిస్‌కనెక్ట్ చేసి మళ్లీ కనెక్ట్ చేయాలి. సెలవులకి సర్వర్ ఆపేసే కాలేజీలు ఇది గుర్తుపెట్టుకోవాలి. బ్రిడ్జ్ వీఎంకీ అదే 45 రోజుల గడువు.