నిచ్చెనా, గోడా, పెట్టెలా, మోతా: అసమానతను బొమ్మగా గీయడానికి ఏది మేలు?

ఫిబ్రవరి 20న ప్రపంచ సామాజిక న్యాయ దినం, ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతి. ఈ రెండింటి కోసం హైదరాబాదు కళాశాలల్లో పోస్టర్లు సిద్ధం చేసుకునే విద్యార్థులు నన్ను ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది: సామాజిక అసమానతను చూపాలంటే ఏ కూర్పు మేలు? వారి చిత్తు గీతలు చూస్తే నాలుగు పద్ధతులే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. కొందరు నిచ్చెన గీసి ఒక్కో మెట్టు మీద ఒక్కో మనిషిని నిలబెడతారు. ఎక్కువమంది కాగితాన్ని నిలువుగా రెండు చేసి, నడుమ గోడ పెట్టి, ఒక పక్క మేడనూ మరో పక్క గుడిసెనూ గీస్తారు. మరికొందరు కంచె వెనక పెట్టెలెక్కి ఆట చూస్తున్న ముగ్గురిని గీస్తారు. ఒకరి మూపు మీద మరొకరిని చూపేవారు, అంటే మోతను గీసేవారు, అందరికంటే తక్కువ. నా మొగ్గు ఆ తక్కువమంది వైపే అయినా, ఆ మొగ్గుకు కారణం చెప్పకుండా సలహా ఇవ్వడం న్యాయం కాదు కనుక నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాను.

ఏ చిత్తుగీత ముందుకు వచ్చినా నేను చేయించే పరీక్ష ఒకటే. బొమ్మలో సుఖంగా ఉన్న మనిషిని అరచేత్తో మూసి, మిగిలిన భాగాన్ని చూడమంటాను. మూసిన తరవాత కూడా కష్టంలో ఉన్న మనిషి భంగిమ ఏ లోటూ లేకుండా అర్థమవుతూనే ఉంటే, ఆ బొమ్మ పేదరికాన్ని చూపింది, అసమానతను ఇంకా చూపలేదు. పేదరికం ఒకరి స్థితి. అసమానత ఇద్దరి మధ్య సంబంధం. ఆ సంబంధం ఎక్కడ తగులుతోందో, ఏ గీత ఇద్దరినీ కలుపుతోందో ఆ చోటే బొమ్మకు ప్రాణం. రంగులు, అక్షరాలు, ముఖాల్లోని భావాలు ఎంత చక్కగా కుదిరినా ఆ ఒక్క చోటు ఖాళీగా ఉంటే బొమ్మ నిలబడదని నా నమ్మకం.

ముందుగా గోడ బొమ్మ. మన ఊళ్లో దీనికి సరంజామా కోసం వెతకనక్కర్లేదు. గచ్చిబౌలిలోనో నానక్‌రామ్‌గూడలోనో అద్దాల మేడ, దాని ముందు నిర్మాణ కూలీల నీలి టార్పాలిన్ గుడిసెలు: కంటికి ఎదురుగా ఉన్న కూర్పే ఇది. ఒక్క చూపులో అర్థమవుతుంది, దూరం నుంచీ అర్థమవుతుంది, దీని బలం అదే. పరీక్షకు పెడితే మాత్రం నిలవదు. మేడ వైపు భాగాన్ని మూస్తే గుడిసెలో, దాని ముందు కూర్చున్న మనిషిలో ఏ మార్పూ రాదు. ఆ గుడిసె ఎక్కడైనా ఉండగలదు. మేడ కట్టినవారే గుడిసెలో ఉన్నారన్న అసలు సంగతి కాగితం మీద ఎక్కడా లేదు.

మరి ఇదే కూర్పు ఫొటోల్లో అంత గట్టిగా ఎందుకు పనిచేసిందని విద్యార్థులు అడుగుతారు. బ్రెజిల్ ఫొటోగ్రాఫర్ టూకా వియేరా 2004లో సావో పాలోలోని పారాయిసోపొలిస్ మురికివాడను, దాన్ని ఆనుకుని బాల్కనీ బాల్కనీకీ ఈతకొలను ఉన్న అపార్టుమెంటునూ ఒకే చట్రంలో తీశాడు. జానీ మిల్లర్ 2016లో కేప్‌టౌన్‌లో డ్రోన్‌తో మొదలుపెట్టిన చిత్రాలు కూడా ఈ కోవలోవే. అక్కడ పక్కపక్కన ఉండటమే సాక్ష్యం. ఎవరూ కల్పించకుండా ఆ రెండూ నిజంగా అలా ఆనుకుని ఉన్నాయని కెమెరా చెబుతోంది. పైగా దక్షిణాఫ్రికాలో ఆ హద్దుగీతే ఒకప్పుడు చట్టం. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం ఏ జాతివారు ఎక్కడ ఉండాలో విభజించి పెట్టింది కనుక, పైనుంచి చూసినప్పుడు కనిపించే రోడ్డూ ఖాళీ మైదానమూ అసమానతకు గుర్తులే కాదు, దాన్ని నిలబెట్టిన పనిముట్లు కూడా. చేత్తో గీసే బొమ్మకు ఈ సదుపాయం లేదు. కాగితం మీద ఏ రెండింటినైనా పక్కపక్కన పెట్టవచ్చు, కాబట్టి పక్కన ఉండటం దేన్నీ రుజువు చేయదు. 1943 బెంగాల్ కరువును చిత్తప్రసాద్, జైనుల్ ఆబెదిన్ గీసిన బొమ్మలకు సాక్ష్యబలం ఉందంటే, వారు ఆకలితో ఉన్నవారిని కళ్లారా చూసి గీశారు. వారి బలం కూర్పు నుంచి వచ్చింది కాదు.

గోడ బొమ్మకు ఇంకో చిక్కు ఉంది. ఎడమ నుంచి కుడికి చదివే కళ్లు రెండు భాగాల బొమ్మను కాలక్రమంగా చదివేస్తాయి: ఎడమది నిన్న, కుడిది నేడు. గుడిసె ఎడమన, మేడ కుడిన ఉంటే అది అభివృద్ధి కథ అవుతుంది, రియల్ ఎస్టేటు ప్రకటనకూ దానికీ తేడా ఉండదు. తిప్పి పెడితే చితికిపోయిన కుటుంబం కథ అవుతుంది. ఇక పాతబస్తీ గోడ మీద అతికిస్తే, ఉర్దూ చదవడానికి అలవాటుపడ్డ కళ్లు కుడి నుంచి మొదలుపెట్టి మొత్తం అర్థాన్ని తిప్పి చదువుకునే అవకాశం కూడా ఉంది. రెండు భాషల పోస్టర్లు మామూలైన ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

పెట్టెల బొమ్మ అందరికీ తెలిసిందే: ఎత్తులో తేడా ఉన్న ముగ్గురు కంచె మీదుగా బేస్‌బాల్ చూస్తుంటారు, ఒక పక్క తలా ఒక పెట్టె, మరో పక్క పొట్టివాడికి రెండు పెట్టెలు, పొడుగువాడికి ఏదీ లేదు. సిన్సినాటి విశ్వవిద్యాలయ ఆచార్యుడు క్రెయిగ్ ఫ్రోల్ 2012లో దీన్ని తయారు చేశాడు. 2016లో ఆంగస్ మగ్వాయర్ మళ్లీ గీశాక ఇంకా విస్తరించింది. మన విద్యార్థులు బేస్‌బాల్ తీసేసి ఉప్పల్ స్టేడియాన్ని పెడతారు. అందరికీ ఒకేలా పంచడానికీ, అవసరాన్ని బట్టి పంచడానికీ తేడాను ఇంత తేలికగా చెప్పిన బొమ్మ మరొకటి నాకు తెలియదు. రిజర్వేషన్ల గురించి వాదించే చోట చాలామంది దీన్ని చూపించేది అందుకే. కానీ అదే చోట ఇది ఎదురు తిరుగుతుందని నేను భయపడతాను. ఈ బొమ్మలో తేడా మనుషుల ఒంట్లో ఉంది. ఒకరు పుట్టుకతోనే పొట్టి, ఒకరు పొడుగు. పెట్టె వేయడం దయ. కులం మీద వాదానికి ఈ బొమ్మను తెచ్చినవారు, తమకు తెలియకుండానే, లోపం అడుగున ఉన్నవారి శరీరంలో ఉందని ఒప్పుకున్నట్టవుతుంది. తరవాతి రూపాల్లో కొందరు మనుషులను సమానమైన ఎత్తులో గీసి, నేలను ఒక వైపు పల్లం చేశారు, అది మెరుగే. అయినా పరీక్షలో దీనికి మూయడానికి మనిషే దొరకడు. కంచె ఎవరు వేశారు, టికెట్టు సొమ్ము ఎవరికి పోతోంది, లోపల కుర్చీల్లో ఎవరున్నారు అన్నవి బొమ్మకు బయటే ఉండిపోయాయి.

నిచ్చెన మీద మన విద్యార్థులకు మోజు ఎందుకో నాకు అర్థమవుతుంది. ‘నిచ్చెనమెట్ల వ్యవస్థ’ అని కులం గురించి చదివీ వినీ పెరిగినవారు కాగితం ముందు కూర్చోగానే నిచ్చెననే గీస్తారు. మాటలో అది సరిగ్గానే పనిచేస్తుంది, గీతలోకి వచ్చేసరికి అర్థం మారిపోతుంది. బొమ్మలో నిచ్చెన కనబడగానే కన్ను దాన్ని ఎక్కడం మొదలుపెడుతుంది. అడుగు మెట్టు మీద ఉన్నవారు ఇంకా కష్టపడితే పైకి వెళ్లవచ్చన్న కబురు దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. అంబేడ్కర్ 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ తొలి సంచికలో హిందూ సమాజాన్ని ఒక్కో అంతస్తు ఒక్కో కులానిదైన బురుజుతో పోల్చి, దానికి మెట్లే లేవన్నాడు. గీసేవారికి ఇది చాలా కచ్చితమైన సూచన. అంతస్తులు గీయండి, మెట్లు మాత్రం గీయకండి. అరచేతి పరీక్షలో నిచ్చెన సంగతి చెప్పనక్కర్లేదు. పై మెట్టు మీది మనిషిని మూస్తే కింది మనిషి ఎప్పటిలాగే నిలబడి ఉంటాడు.

ఇక మోత బొమ్మ. ఫ్రాన్సులో 1789లో అచ్చైన ఒక ప్రసిద్ధ చిత్రంలో, వంగిపోయిన రైతు వీపు మీద మతాధికారీ ప్రభువూ ఎక్కి కూర్చుంటారు. నేల మీద కుందేళ్లు, పక్షులు పంట తింటుంటాయి. వేటహక్కు ప్రభువులదే కనుక పంట తినే జంతువును సైతం రైతు చంపకూడదు. వీపు మీద బరువును ఎవరైనా గీయగలరు, ఆ కుందేళ్లను తేవడం గొప్ప ఆలోచన. చట్టం ఎలా పనిచేస్తుందో అవి ఒక్క అక్షరం లేకుండా చెబుతున్నాయి. అయినా ఈ బొమ్మ కూడా పరీక్షలో పూర్తిగా గట్టెక్కదు. మీదున్న ఇద్దరినీ మూస్తే, పొలం పనిముట్టు మీద ఊనుకున్న ముసలివాడు మిగులుతాడు, వంగడానికి వయసూ కారణం కావచ్చనిపిస్తుంది.

అమెరికాలో 1911లో ఐ.డబ్ల్యు.డబ్ల్యు. (ప్రపంచ పారిశ్రామిక కార్మికులు) అనే కార్మిక సంఘం పత్రికలో ప్రచారానికి వచ్చిన ‘పెట్టుబడిదారీ పిరమిడ్’ ఆ లోపాన్ని దాటింది. 1900 ప్రాంతంలో రష్యాలో వచ్చిన కరపత్రం దీనికి ఆధారం. అన్నింటికంటే పైన డబ్బు సంచి, దాని కింద పాలకులు, మతపెద్దలు, సైనికులు, విందు చేసుకుంటున్న సంపన్నులు, అట్టడుగున ఆ దొంతర మొత్తాన్ని మోస్తున్న శ్రామికులు. పైనున్నవన్నీ మూసి చూడండి. చేతులు పైకెత్తి, భుజాలు ఒగ్గి, ఖాళీ గాలిని మోస్తున్న మనుషులు మిగులుతారు, పైన ఏముందని చూసేవారు అడగక తప్పదు. వృద్ధాప్యమో జబ్బో దురదృష్టమో ఆ భంగిమకు కారణం కాలేవు. నాకు నిర్ణయాత్మకంగా తోచేది ఇదే: కింది మనిషి శరీరంలోనే పైమనిషి ఉనికి రాసి ఉండటం.

మోత బొమ్మకూ హద్దులున్నాయి. మొదటిది, దాన్ని తిరగేయడం చాలా తేలిక. ఫ్రాన్సులోనే తరవాత రైతు ప్రభువు మీద స్వారీ చేసే బొమ్మలు వచ్చాయి. స్వారీ పోవాలన్న ఆశ అక్కడ రౌతు మారాలన్న ఆశగా కుదించుకుపోయింది. రెండోది మనకు మరీ ముఖ్యం. 1911 పిరమిడ్‌లో మోసేది అట్టడుగు వరస ఒక్కటే. కులంలో ప్రతి వరసా పైదాన్ని మోస్తూనే కిందిదాన్ని తొక్కుతుంది. అంబేడ్కర్ అంచెలంచెల అసమానత అన్నది దాన్నే. కాబట్టి మన గడ్డ మీద ఈ బొమ్మ గీసేవారు మధ్య వరసల మనుషులను రెండు పనులూ చేస్తున్నట్టు గీయాలి: చేతులు పైకి, పాదాలు కింది భుజాల మీదికి. ఇది చేయి తిరిగినవారికీ కష్టమే, ఎందుకంటే బరువు మోస్తున్న మనిషి కాలిమడమ ఒక రకంగా ఆనుతుంది, తొక్కుతున్న మనిషి మడమ మరో రకంగా ఆనుతుంది. ఒకే మడమలో రెండూ పలకాలి. పోస్టరుకు ఉన్న సమయంలో సగం ఆ మడమల మీదే పెట్టమని చెబుతాను.

అంతస్తులుగా గీసేటప్పుడు మన చూపరుల అలవాటునూ లెక్కలోకి తీసుకోవాలి. చేర్యాల నకాశీ పటంలో ఎర్రటి నేపథ్యం మీద ఒకదాని కింద ఒకటిగా వచ్చే పట్టీలు కథలోని ఘట్టాలు. చెప్పేవాడు పటం విప్పుకుంటూ పోతుంటే కాలం ముందుకు నడుస్తుంది. ఆ పటాలకు అలవాటైన కన్ను పట్టీల బొమ్మను హోదాల వరసగా కాక కథగా చదవవచ్చు. దీనికి నివారణ తేలికైనదే: పట్టీ గీతను ఎక్కడో ఒకచోట పాదంతోనో మోచేతితోనో తెంచేయాలి. అదే సంప్రదాయం నుంచి తెచ్చుకోదగ్గది ఇంకొకటి ఉంది. అక్కడ దూరాన్ని బట్టి కాకుండా కథలోని ప్రాముఖ్యాన్ని బట్టి మనిషి పరిమాణం ఉంటుంది. లేపాక్షి కుడ్యచిత్రాల్లోనూ ఈ పద్ధతి కనిపిస్తుంది. మోసేవారిని అందరికంటే పెద్దగా గీయండి. జాలి తగ్గి గౌరవం పెరుగుతుంది, మీదున్నవారు ఎవరి ఎత్తును వాడుకుంటున్నారో కూడా తెలుస్తుంది.

గచ్చిబౌలి మేడనే గీయాలనుకునేవారికి నేను సూచించే మార్పు ఒకటుంది. గుడిసెను తీసేసి, శ్లాబు కింద సెంట్రింగ్ కర్రలు ఉండే చోట పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీలను నిలబెట్టండి. కట్టడం పూర్తయ్యాక కర్రలు తీసేస్తారన్నది చూసేవారికి తెలుసు, ఆ తరవాత కూలీలు ఏమవుతారన్న ప్రశ్న దాంతోపాటే పుడుతుంది. బరువే కలిపే గీత కావాలని నియమం లేదు. మ్యాన్‌హోల్‌లో దిగిన పారిశుద్ధ్య కార్మికుడి మీద బొమ్మ అయితే, రోడ్డును నిలువుగా కోసి చూపి, అపార్టుమెంటు ప్రతి అంతస్తు నుంచీ దిగే పైపును అతని మోకాళ్ల దాకా తీసుకురావాలి. 1993 చట్టం పొడి మరుగుదొడ్లను చేతులతో శుభ్రం చేయించడాన్ని నిషేధించింది, రక్షణ లేకుండా మురుగుకాలువల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. పైపు నడవని బొమ్మలో అది ఎవరో అభాగ్యుడి కథ. పైపు నడిచిన బొమ్మలో చూసేవారి స్నానాలగది కూడా భాగస్వామి.

తక్కెడ, కేకు ముక్కలు, పైనుంచి అందిస్తున్న చెయ్యి కూడా అడుగుతుంటారు. తక్కెడ కోర్టును గుర్తు చేస్తుంది, కేకు బడ్జెట్టును గుర్తు చేస్తుంది, అందించే చెయ్యి దాతను గొప్ప చేస్తుంది. ఈ పనికి మూడూ వద్దు.

రంగు విషయంలో ఒకే హెచ్చరిక. పేదవారిని నల్లగా, సంపన్నులను తెల్లగా గీయడం అలవాటుగా వచ్చేస్తుంది. అలా గీసిన బొమ్మ తాను ఖండిస్తున్న చూపునే మళ్లీ నేర్పుతుంది. ఒంటికి ఒకే రంగు వాడి, తేడానంతా భంగిమకే వదిలేయాలి.

చివరగా, ఇప్పుడు ఏ పోస్టరైనా గోడ మీద కంటే వాట్సాప్‌లోనే ఎక్కువ కనిపిస్తుంది, అక్కడ నిలువు బొమ్మ పైనా కిందా కత్తిరింపుకు గురవుతుంది. మోత బొమ్మలో మొదట పోయేది అట్టడుగు మనిషే. కాబట్టి మోసేవారి భుజాలు కాగితం నడిమి గీతకు కాస్త పైన ఉండేలా కూర్పు చేసుకోండి. పైవారి కిరీటాలు తెగిపోయినా నష్టం లేదు, ఆ భుజాల మీది పాదాలు మాత్రం తెగకూడదు.