కోడలా, బయటి మనిషా, నర్సింగ్ హోమా: ఏది మేలు?

కాలిఫోర్నియాలో మెడి-కాల్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) ఉన్న పెద్దవాళ్లకు, వికలాంగులకు ఇంట్లో స్నానం, వంట, బట్టలు ఉతకడం వంటి పనులకు ప్రభుత్వమే మనిషికి జీతం ఇస్తుంది. ఆ పథకం పేరు ఇన్-హోమ్ సపోర్టివ్ సర్వీసెస్, పొట్టిగా ఐహెచ్‌ఎస్‌ఎస్, 1973 నుంచి ఉంది. డబ్బు ప్రభుత్వానిదైనా ఎవరిని పెట్టుకోవాలో, పని ఎలా చేయించుకోవాలో, నచ్చకపోతే ఎప్పుడు మాన్పించాలో తేల్చేది సాయం అందుకునే మనిషే. ఇంట్లోవాళ్లను కూడా పెట్టుకోవచ్చు. మా అత్తయ్యకు తుంటి ఎముక విరిగాక మూడు దారులూ చూశాం.

ముందు నర్సింగ్ హోమ్. మన ఊళ్లలో అలా పిలిచేది ప్రైవేట్ ఆసుపత్రిని. ఇక్కడ మాత్రం తమ పనులు తాము చేసుకోలేనివాళ్లను ఉంచుకుని చూసుకునే చోటు అది, చాలామంది అందులోనే ఉండిపోతారు. అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే పిలవడానికి నర్సు ఉంటుంది. ఐహెచ్‌ఎస్‌ఎస్‌లో ఎంత ఎక్కువ ఇచ్చినా నెలకు 283 గంటలే, అంటే రోజుకు తొమ్మిదిన్నర గంటలు కూడా నిండవు. రాత్రంతా ఇంట్లోవాళ్లే చూసుకోవాలి. అది మోయలేని ఇంటిని నేను తప్పుపట్టను. కానీ మెడి-కాల్ మీద అక్కడే ఉండిపోతే, వచ్చే ఆదాయంలో చేతిఖర్చుకు మామూలుగా మిగిలేది నెలకు 35 డాలర్లు. ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో కూడా అక్కడి టైమ్ ప్రకారమే. కొన్ని వారాలకే అత్తయ్య ఇంటికి వచ్చేస్తానన్నారు.

తర్వాత నేను. వేలిముద్రలు ఇచ్చి, నేర చరిత్ర లేదని తేలాక, ఓరియంటేషన్ పూర్తిచేసి పనిలో చేరాను. ఒకే ఇంట్లో ఉంటూ చేస్తే ఆ జీతం మీద సాధారణంగా ఫెడరల్ ఆదాయపు పన్ను కూడా ఉండదు. భాష, వంట, మడి అన్నీ తెలిసిన మనిషిని, ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. రోజూ పొద్దున "నీళ్లు సరిపోయాయా అత్తయ్యా?" అంటే "సరిపోయాయమ్మా" అనేవారు. నా టైమ్‌షీట్ చూడకుండానే ఒప్పేసుకునేవారు.

నా ఉద్యోగం వల్ల కుదరక, కౌంటీలో ఈ పథకం పనివాళ్ల జాబితా ఉంచే పబ్లిక్ అథారిటీ అనే సంస్థ దగ్గర చూసి ఒకామెను పెట్టుకున్నాం. వచ్చిన గంటలను ఇద్దరు ముగ్గురికి పంచవచ్చు. మూడోరోజు నేను వంటగదిలో ఉన్నాను. బాత్రూంలోంచి అత్తయ్య గొంతు గట్టిగా వినిపించింది: "నో. హాట్. మోర్ హాట్." ఇన్నాళ్లూ ఆవిడ చల్లారిన నీళ్లతో స్నానం చేస్తున్నారన్నమాట. ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు ఆఫీసుకి టైమైపోతోందని హడావిడి పడుతుంటే ఏం చెప్పను?" అన్నారు.

అప్పుడు అర్థమైంది. మాన్పించే హక్కు కాగితం మీద అత్తయ్యదే, కానీ కోడల్ని ఎవరు మాన్పిస్తారు? అందుకే కుదిరితే ఒళ్లు ముట్టుకునే పనులు, అంటే స్నానం, బట్టలు మార్చడం బయటి మనిషికి ఇవ్వండి. వంట, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం ఇంట్లోవాళ్లు చూసుకోండి. మా ఇంట్లో ఇదే మేలైంది. బయటి మనిషితో కష్టాలు లేవని కాదు: సెలవులు, భాష, పప్పులో ఉప్పు. కొత్త మనిషి దొరికేదాకా టెన్షన్ తప్పదు.

ఏ దారిలో వెళ్లినా, గంటలు లెక్కగట్టడానికి సోషల్ వర్కర్ ఇంటికొచ్చే రోజు చాలా ముఖ్యం. ఇంటికొచ్చిన మనిషి ముందు మన పెద్దవాళ్లు తమ కష్టం చెప్పుకోరు. వంగలేని మా అత్తయ్య, చీర కుచ్చిళ్లు తానే పెట్టుకుంటానన్నారు. గంటలు తక్కువ వచ్చాయి. ఎన్ని గంటలిచ్చారో చెప్పే నోటీసు నచ్చకపోతే 90 రోజుల్లోపు స్టేట్ హియరింగ్, అంటే రాష్ట్రం చేసే విచారణ, అడగవచ్చు. మేం అడగలేదు, తర్వాతి ఏడాది మళ్లీ చూడటానికి వచ్చేదాకా ఆగాం. ఈసారి ముందు వారమంతా, ఏ పనికి ఎవరి చెయ్యి పట్టుకున్నారో అత్తయ్యే ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నారు. వాళ్లొచ్చాక కళ్లద్దాలు పెట్టుకుని తనే చదివారు. నేను పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెప్పానంతే.