ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఏది మేలు: ఫెర్రోనా, యాంటీఫెర్రోనా?

భీమవరం, అమలాపురం వైపు ఫిజిక్సు పిల్లలు ఏటా అడిగేదే. "మాస్టారూ, ఫెర్రోఎలక్ట్రిక్ తీసుకోమంటారా, యాంటీఫెర్రోనా?"

బేరియం టైటనేట్ ఫెర్రో. సుమారు 120 డిగ్రీల లోపు అందులో ఒక్కో డొమైన్‌లోని (చిన్న ప్రాంతంలోని) డైపోళ్లన్నీ, అంటే ప్లస్-మైనస్ చార్జీల జంటలన్నీ, ఒకే వైపు తిరిగి ఉంటాయి. వోల్టేజీతో వాటి దిక్కు మారిస్తే, ఆ వోల్టేజీ తీసేశాక కూడా చాలావరకు అలాగే ఉండిపోతాయి. మెమరీకి కావలసింది ఇదే. వంటింట్లో గ్యాస్ లైటర్ టక్కుమంటే రవ్వ పుట్టించేదీ ఈ జాతి సిరామిక్కే, లెడ్ జిర్కోనేట్ టైటనేట్.

అందులో టైటానియం లేకుండా ఒట్టి లెడ్ జిర్కోనేట్ తీసుకుంటే కథ మారిపోతుంది. రెండు వరసలు ఇటు తిరిగితే తర్వాతి రెండు వరసలు అటు. మొత్తం కలిపితే సున్నా. ఇదే యాంటీఫెర్రో. ఇలాంటి అమరికకి భౌతిక శాస్త్రవేత్త చార్లెస్ కిట్టెల్ సిద్ధాంతం రాసింది 1951లో. గట్టి వోల్టేజీ పెడితే అన్నీ ఒకవైపు తిరుగుతాయి, తగ్గించగానే మళ్లీ ఎదురుబొదురు. వోల్టేజీకీ, డైపోళ్ల మొత్తం మొగ్గుకీ గ్రాఫు గీస్తే ఫెర్రోలో వచ్చే ఒక లూపు బదులు రెండొస్తాయి. పెట్టిన శక్తిలో ఎక్కువ భాగం తిరిగి చేతికొస్తుంది. శక్తి నిల్వకి మాత్రం నా ఓటు దీనికే. డీసీ వోల్టేజీ పెరిగితే బేరియం టైటనేట్ కెపాసిటర్ చార్జి పట్టే బలం (కెపాసిటెన్స్) తగ్గిపోతుంది. యాంటీఫెర్రోది ఒక హద్దు దాకా పెరుగుతుంది.

గోదారి సుడిలా డైపోళ్లు గుండ్రంగా తిరిగే అమరిక కూడా ఉంది. లెడ్ టైటనేట్, స్ట్రాన్షియం టైటనేట్ పలచటి పొరల్లో దాన్ని చూపించి 2016లో శాస్త్రవేత్త రామమూర్తి రమేష్ బృందం ప్రచురించింది. చదవడానికి బ్రహ్మాండం, మన ల్యాబుల్లో చేసే పని కాదు.

ఇక ప్రాజెక్టు సంగతి. లెడ్ జిర్కోనేట్ పెల్లెట్‌లో (పొడిని నొక్కి కాల్చిన బిళ్లలో) గది ఉష్ణోగ్రత దగ్గర రెండు లూపులు రప్పించడం కష్టం, అంత వోల్టేజీకి పెల్లెట్టే కాలిపోవచ్చు. పెల్లెట్‌ని ఫర్నేసులో కాల్చేటప్పుడు సీసం (లెడ్) ఆవిరవుతుంది. గిన్నెలు కడిగిన నీళ్లు డ్రెయిన్‌లోకి పోతే, మన దగ్గర డ్రెయిన్ పక్కనే చేపల చెరువులు. ఆ టెన్షన్ మనకెందుకు? సీసం లేని యాంటీఫెర్రో కావాలంటే సిల్వర్ నియోబేట్ ఉంది, కాకపోతే వెండి ధర చూసుకోండి.

కాబట్టి బేరియం టైటనేటే చెయ్యండి. ఎల్‌సీఆర్ మీటరు (కెపాసిటెన్స్ కొలిచేది), 150 డిగ్రీలు దాటే చిన్న ఫర్నేసు ఉంటే 120 దగ్గర కెపాసిటెన్స్ శిఖరం కనిపిస్తుంది. ముసురు రోజుల్లో పెల్లెట్ తేమ పీల్చి తక్కువ ఫ్రీక్వెన్సీ రీడింగుల్ని పాడుచేస్తుంది, ముందు ఓవెన్‌లో ఆరబెట్టడం మరవకండి.