జాగ్రత్త: ఏడాది ప్లాన్ కట్టే ముందు, ‘వాడని భాషలు వదిలేయి’ సెట్టింగ్ నిజంగా పనిచేస్తోందో చూసుకోండి

కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్‌కి ‘అన్ని ప్రోగ్రామింగ్ భాషలకూ ఒక్కటే ఎక్స్‌టెన్షన్ (అదనంగా తగిలించుకునే ప్రోగ్రామ్)’ అంటూ ఏడాది చందాకి అమ్మే ప్యాక్ కొనబోతున్నారా? బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం పీజీల్లో 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌తో నెట్టుకొస్తున్న మనవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇలాంటి ఒక ప్యాక్‌లో వాడని భాషల్ని వదిలేసే సెట్టింగ్‌ని గొప్పగా చూపించి అమ్ముతున్నారు. తీరా చూస్తే అది ఎర్ర గీతల్ని, సూచనల్ని దాచేస్తుందే గానీ వాటిని తయారుచేస్తూ వెనక నడిచే ప్రోగ్రామ్‌ని, అంటే లాంగ్వేజ్ సర్వర్‌ని ఆపదు. పైథాన్ మాత్రమే రాసేవాళ్ల మెషీన్‌లో కూడా జావా సర్వర్ ర్యామ్ తింటూ కూర్చుంటుంది.

ట్రయల్ రోజుల్లోనే తేల్చుకోండి. ముందు మీ దగ్గరున్న మిగతా జావా ఎక్స్‌టెన్షన్లన్నీ డిసేబుల్ చేయండి, లేకపోతే నడుస్తున్నది ఎవరి సర్వరో తెలియదు. పోమ్ డాట్ ఎక్స్‌ఎంఎల్ (జావా ప్రాజెక్ట్ వివరాలుండే ఫైల్) ఉన్న ప్రాజెక్ట్ ఫోల్డర్ తెరవండి. ఒక్క జావా ఫైల్ ముట్టుకోకపోయినా, ఆ పోమ్ ఫైల్ కనిపిస్తే చాలు లేచి నిలబడేలా జావా ఎక్స్‌టెన్షన్లని రాస్తుంటారు. జావాని వదిలేసే జాబితాలో పెట్టి, కంట్రోల్ షిఫ్ట్ పీ నొక్కి రీలోడ్ విండో ఇవ్వండి. ఇది మరిచిపోతే పాత సర్వరే కనబడి పొరబడతారు. తర్వాత హెల్ప్ మెనూలో ఓపెన్ ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ నొక్కండి, వెనక ఏమేం నడుస్తున్నాయో కనిపిస్తుంది. ఎక్స్‌టెన్షన్ హోస్ట్ కింద జావా ఇంకా నడుస్తుంటే ఆ సెట్టింగ్ పేరుకే ఉన్నట్టు. డబ్బు కట్టకండి.

అయితే వాళ్లని అనేముందు మన జాబితా సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అందులో రాయాల్సింది భాష పేరు కాదు, ఎడిటర్ దానికి ఇచ్చిన ఐడీ. సీ తర్వాత రెండు ప్లస్ గుర్తులు పెడితే పనిచేయదు, చిన్న అక్షరాల్లో సీ, పీ, పీ అని ఉండాలి. షెల్‌స్క్రిప్ట్‌కి మధ్యలో ఖాళీ ఉండకూడదు. రియాక్ట్‌తో రాసే టైప్‌స్క్రిప్ట్ ఫైళ్లకి టైప్‌స్క్రిప్ట్‌రియాక్ట్ అని వేరే ఐడీ ఉంది, ఉత్త టైప్‌స్క్రిప్ట్‌ని ఆపితే అవి ఆగవు. ఐడీ తప్పుగా రాస్తే చాలా ఎక్స్‌టెన్షన్లు ఎర్రర్ కూడా చూపించవు. అందుకే మీరు ఆపాలనుకున్న భాష ఫైల్ ఒకటి తెరిచి, కింద కుడి మూలనున్న భాష పేరు నొక్కండి. వచ్చే జాబితాలో ప్రతి పేరు పక్కనా బ్రాకెట్లలో అసలు ఐడీ ఉంటుంది.

ఇంకో గొయ్యి ఉంది. అన్ని ప్రాజెక్ట్‌లకీ వర్తించే యూజర్ సెట్టింగ్స్‌లో ఆరు భాషలు, ఆ ఒక్క ప్రాజెక్ట్‌కే వర్తించే వర్క్‌స్పేస్ సెట్టింగ్స్‌లో ఒకటి పెడితే మొత్తం ఏడు ఆగుతాయనుకుంటాం. వరుస జాబితాగా ఉన్న సెట్టింగ్‌లు అలా కలవవు. వర్క్‌స్పేస్‌లోది యూజర్ జాబితాని పూర్తిగా కప్పేసి, ఆ ఆరు భాషలూ మళ్లీ మొదలవుతాయి. భాషకో ట్రూ, ఫాల్స్ రాసే ఆబ్జెక్ట్ రూపమైతే కలుస్తాయి. కోడ్ సూచనలిచ్చే ఏఐ సాధనం గిట్‌హబ్ కోపైలట్‌లో నక్షత్రం గుర్తుకి ట్రూ, మార్క్‌డౌన్‌కి ఫాల్స్ అని రాసేది ఈ రకమే.

నిజానికి ఈ పని చాలామందికి ఉచితంగానే అయిపోతుంది. ఏ భాషకి ఆ ఎక్స్‌టెన్షన్ విడిగా పెట్టుకుని, అక్కర్లేని ప్రాజెక్ట్‌లో డిసేబుల్ వర్క్‌స్పేస్ ఇవ్వండి. అప్పుడు సర్వర్ అసలు మొదలే కాదు. లేదా ప్రొఫైల్స్‌లో (విడివిడి ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగ్‌ల సెట్లు) పైథాన్‌కి ఒకటి, జావాకి ఒకటి చేసుకోండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లకి: ఎక్స్‌టెన్షన్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. అమ్మినవాళ్ల ఖాతా పేజీలో ఆటో రెన్యువల్ ఆపి, బ్యాంక్ యాప్‌లో ఈ-మాండేట్ (డబ్బు దానంతటదే కట్ అయ్యేలా మీరిచ్చిన అనుమతి) కూడా రద్దు చేయండి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం డబ్బు కట్ చేసే 24 గంటల ముందు మెసేజ్ రావాలి. 15,000 రూపాయల లోపైతే ఓటీపీ అడగకుండానే పోతుంది కాబట్టి ఆ మెసేజ్‌ని ప్రకటన అనుకుని చెరిపేయకండి. రీఫండ్ అడిగేటప్పుడు ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ స్క్రీన్‌షాట్, మీ జాబితా, వెర్షన్ నంబర్ మూడూ జతచేయండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బెంగళూరులో ఉన్నా తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకోవచ్చు.