రీసెట్ చేసినా చెరగని కుకీలు: లిబ్‌కర్ల్‌తో నాలుగేళ్లు

నాలుగేళ్లుగా మా క్రాలర్ (వెబ్ పేజీలను వరుసగా తెచ్చే ప్రోగ్రామ్) లిబ్‌కర్ల్ అనే నెట్‌వర్క్ లైబ్రరీ మీదే నడుస్తోంది. వేగం విషయంలో దాన్ని తప్పుపట్టే అవసరం నాకు ఒక్కసారీ రాలేదు. కుకీల (సైటు మనల్ని గుర్తుపెట్టుకోవడానికి మన దగ్గర దాచే చిన్న చీటీల) దగ్గర మాత్రం మూడు వారాలు నన్ను వెర్రివాణ్ణి చేసింది. తప్పు నాదే అయినా ఆ కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు.

కొత్త కనెక్షన్ తెరవాలంటే సర్వర్‌తో లంకె వేసే టీసీపీకి ఒక రాకపోక, ఆ మాటలను గుప్తంగా ఉంచే టీఎల్ఎస్ 1.3 అయితే మరొకటి, 1.2 అయితే మరో రెండు పడతాయి. ఆ తర్వాతే పేజీ అడగగలం. అందుకని ఈజీ హ్యాండిళ్లను (లిబ్‌కర్ల్‌తో ఒక్కో పేజీ తేవడానికి వాడే సాధనాలను) పారేయకుండా, పని ముగిసిన హ్యాండిల్‌ను రీసెట్ చేసి తర్వాతి పనికి అందించేవాళ్లం. ఒకే సైటును ఒక పని ఒక భాషలోనూ, ఇంకో పని మరో భాషలోనూ తెచ్చుకోవాలి. కొన్నాళ్లకు మొదటి భాష పేజీల నడుమ రెండో భాష పేజీలు తేలసాగాయి. అదీ ఎప్పుడో ఒకటి. అదే చిరునామాను విడిగా అడిగితే పేజీ బుద్ధిగా సరైన భాషలోనే వచ్చేది. సర్వర్‌ను అనుమానించాను, దారిలో పేజీల నకళ్లు దాచే క్యాష్‌ను అనుమానించాను. చివరికి కనెక్షన్లను తిరిగి వాడడమే మానేసి చూశాను. వేగం పడిపోయింది, తప్పు మాత్రం తగ్గలేదు. అప్పటికి గానీ వెలగలేదు: భాషను గుర్తుంచే కుకీ ఉండేది కనెక్షన్‌లో కాదు, హ్యాండిల్‌లో. (గుర్తింపు కనెక్షన్‌కే అంటుకునే ఎన్‌టీఎల్ఎం లాంటి లాగిన్ పద్ధతులు వేరే కథ.)

రీసెట్ మనం పెట్టిన ఆప్షన్లను మాత్రమే తుడుస్తుంది. తెరిచి ఉన్న కనెక్షన్లు, డీఎన్ఎస్ క్యాష్ (సైటు పేర్లకు దొరికిన చిరునామాల నిల్వ), కుకీలు ఉన్నచోటే ఉంటాయి. డాక్యుమెంటేషన్‌లో ఈ మాట స్పష్టంగానే ఉంది. పేరు చూసి అర్థమైపోయిందనుకుని నేను చదవలేదు. కుకీలిస్ట్ ఆప్షన్‌కు ‘ఆల్’ అని ఇస్తే కుకీలన్నీ పోయి కనెక్షన్లు మిగులుతాయి. మూడు వారాల వెతుకులాటకు మందు ఒక్క లైను!

తర్వాత ఒకేసారి చాలా పేజీలు తెచ్చే మల్టీ ఇంటర్‌ఫేస్‌కు మారాం, ఇప్పటికీ అదే వాడుతున్నాం. అందులో కనెక్షన్ల నిల్వ అందరికీ ఉమ్మడి, కుకీలు మాత్రం ఏ ఈజీ హ్యాండిల్‌వి దానివే. వీధి వాకిలి ఒకటే, ఎవరి పెట్టె తాళం వారిదే అన్నట్టు. క్రాలర్‌కు సరిగ్గా కావలసింది ఇదే. కుకీలను కూడా పంచుకోవాలంటే షేర్ హ్యాండిల్ ఉంది కానీ, త్రెడ్ల (ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పాయల) మధ్య పంచితే, రెండూ ఒకేసారి ముట్టకుండా ఆపే లాక్ ఫంక్షన్లు మనమే రాసివ్వాలి.

చిరాకులు లేకపోలేదు. కుకీలను దాచే కుకీజార్ ఫైలు మామూలుగా హ్యాండిల్‌ను మూసినప్పుడే రాయబడుతుంది. క్రాలర్ మధ్యలో కూలితే లాగిన్ కుకీలు గల్లంతే, కాబట్టి అప్పుడప్పుడు కుకీలిస్ట్‌కు ‘ఫ్లష్’ ఇచ్చి ఫైలులోకి రాయించాలి. ఇంకొకటి, 118 సెకన్లకు మించి ఊరికే ఉన్న కనెక్షన్‌ను లిబ్‌కర్ల్ తనంతట తాను మళ్లీ వాడదు. ఒక సైటును మర్యాదగా రెండు నిమిషాలకో పేజీ అడిగేవారు ఆ గడువును పెంచుకోవాలి, లేదంటే ప్రతిసారీ కొత్త కనెక్షనే.

ఇప్పుడు హ్యాండిల్ తిరిగొచ్చిన ప్రతిసారీ దాని కుకీల జాబితా అడుగుతాం, ఒక్కటి మిగిలినా ఆ పని ఆగిపోతుంది. ఈ ఏడాది ఆ తనిఖీ రెండుసార్లు పట్టుకుంది. రెండూ నేను రాసిన కోడులోవే.